నిదానం చదివిన డ్రైవింగ్ స్కూలు

రవాణా మంత్రిగారు పత్రికల వాళ్ళని పిలిచి, టీ ఇప్పించి, బిస్కెట్లు అయ్యేదాకా ఓపిక పట్టి, చరిత్రలో నిలిచిపోయే ప్రకటన ఒకటి చేశారు. ఇకమీదట తన కారు నడిపే కుర్రాడు మామూలు డ్రైవరు కాడు, హై పెర్ఫార్మెన్స్ డ్రైవింగ్ స్కూల్లో తర్ఫీదైన డ్రైవరు. ఆ స్కూలు ఏదో తేల్చడానికి ముగ్గురితో కమిటీ. ఈ మాట చెబుతుంటే మంత్రిగారి గొంతు పూడుకుపోయిందని కొన్ని పత్రికలు రాశాయి. బిస్కెట్టు అడ్డం పడిందని మిగతావి రాశాయి.

ఆ కుర్రాడు అప్పుడు గది బయట కారు తుడుస్తున్నాడు. పాతికేళ్ళవాడు. ఆఫీసంతా అతన్ని నిదానం అంటారు. చేసిన నేరం ఒక్కటే. కిందటి వారం వంతెన ప్రారంభోత్సవానికి వెళుతూ ఎర్రలైటు దగ్గర ఆగాడు. అది పచ్చబడేలోగా గనుల మంత్రిగారి కారు పక్కనించి దూసుకుపోయింది. ఆయన రిబ్బను కత్తిరించి, కత్తెర కూడా జేబులో వేసుకుని వెళ్ళిపోయారు.

మంత్రిగారు పెద్ద మనసున్నవారు కాబట్టి తిట్టలేదు. "తప్పు నీది కాదురా, నీ చదువుది" అన్నారు. నిదానానిది తాత్కాలిక ఉద్యోగం. నెలాఖరులోగా ఆ స్కూలు సర్టిఫికెట్ తెస్తే పర్మినెంట్. తేకపోతే గ్యారేజీ వెనక రెండు గదుల క్వార్టరు ఖాళీ చేసి పోవాలి.

ఇంటికొచ్చి చెబితే వాళ్ళమ్మ కుట్టుమిషను తొక్కుతూనే విన్నది.

"నెలాఖరుకి ఎన్నాళ్ళుందిరా?"

"ఇరవై రెండు రోజులమ్మా."

"కమిటీలో ఎంతమంది?"

"ముగ్గురు."

మిషను ఆగింది. "అయితే సామాన్లు సర్దడం మొదలెడతా."

కమిటీకి చైర్మన్ అదనపు కార్యదర్శిగారు. ఆయనతోపాటు లా ఆఫీసరు, గణాంకాల మేడం. ముగ్గురికీ డ్రైవింగ్ రాదు. పక్షపాతం లేకుండా ఉండాలని ఏరికోరి అలాంటివాళ్ళనే వేశారు. పుట్టి బుద్ధెరిగాక వాళ్ళు కారులో ముందు సీటు ఎక్కింది లేదు, డ్రైవరు మెడ తప్ప ముఖం చూసింది లేదు. వాళ్ళని స్కూళ్ళ చుట్టూ తిప్పడానికి ఒక వ్యాను ఇచ్చారు. దాన్ని నడపడానికి నిదానాన్ని ఇచ్చారు.

మొదటి మీటింగు ఎప్పుడు పెట్టాలో తేల్చడానికి తొమ్మిది రోజులు పట్టింది. కమిటీలకి ఇది రికార్డు వేగం.

మొదటి స్కూల్లో మాస్టారు, "మా దగ్గర ముందు పదిరోజులూ బ్రేకు వేయడమే నేర్పుతామండీ" అన్నాడు.

చైర్మన్‌గారు తల అడ్డంగా ఊపారు. "ఆపడంలో మా శాఖకి ముప్పై ఏళ్ళ అనుభవం ఉంది. కొత్తగా ఏం నేర్పుతారు?"

రెండో స్కూల్లో చల్లటి గది, గోడల నిండా రంగురంగుల బొమ్మలు. కార్లు మాత్రం లేవు. ఉంటే విద్యార్థుల ధ్యాస చెదురుతుందన్నారు. మేడంకి ఈ పద్ధతి నచ్చింది. కానీ లా ఆఫీసరు చట్టం తిరగేసి, డ్రైవింగ్ స్కూలుకి ఒక కారైనా ఉండాలని ఎక్కడో చదివిన గుర్తు ఉందన్నాడు. అలా అది పోయింది.

మూడోది కొండ దిగువన ఉంది. ఒకప్పటి రేసరు, ఇప్పుడు ముసలాయన, సొంతంగా ట్రాకు వేసుకుని నడుపుతున్నాడు. భోజనాలయ్యాక బయల్దేరడం వల్ల కమిటీ యావత్తూ వెనక సీట్లలో నిద్రపోతోంది. సరిగ్గా నడికొండమీద వ్యాను బ్రేకు చచ్చింది. నిదానం కాలు పెడితే పెడలు నేలని తాకింది, బండి మాత్రం తన పాటికి తాను పోతోంది.

నిదానం గేరు మూడుకి దించాడు, రెండుకి దించాడు. మలుపు దగ్గర టైరుని రోడ్డంచు రాయికి ఒరిపించాడు. ఎదురుగా కంకర లారీ వస్తే దానికీ లోయకీ మధ్య ఎంత సందుందో అంతే సందులోంచి వ్యానుని దూర్చాడు. ఆ సందులో ఈగ వస్తే రెక్కలు ముడుచుకోవలసిందే. చివరికి చేతిబ్రేకు కొంచెం కొంచెంగా లాగుతూ స్కూలు గేటుకి జానెడు దూరంలో ఆపాడు.

చైర్మన్‌గారు ఒక కన్ను తెరిచారు. "వచ్చేశామా?"

"వచ్చామండీ. దారిలో బ్రేకు పోయింది."

"సరే, టీ వచ్చాక లేపు."

గేటు దగ్గర నిలబడి ఇదంతా చూసిన ముసలాయన పరుగున వచ్చి నిదానం చేతులు పట్టుకున్నాడు. "ఎవరి దగ్గర నేర్చుకున్నావు నాయనా?"

"మా నాన్న దగ్గరండీ. చెత్త లారీ మీద."

టీ వచ్చింది, కమిటీ లేచింది. ముసలాయన వాళ్ళతో, "ఈ అబ్బాయికి నేర్పడానికి నా దగ్గరేమీ లేదు. కావాలంటే ఇతన్నే నాకు మాస్టరుగా ఇవ్వండి" అన్నాడు.

"అది మా టర్మ్స్ ఆఫ్ రిఫరెన్స్‌లో లేదు" అన్నాడు లా ఆఫీసరు.

రిపోర్టు నూట పన్నెండు పేజీలు వచ్చింది. అందులో డెబ్భయ్యో పేజీలో ఇలా ఉంది: 'కొండ దిగుతున్నంతసేపూ సభ్యులెవరికీ మెలకువ రాలేదు. వాహనం ఈ స్కూలు గేటు ముందు దానంతటదే మెత్తగా ఆగింది. స్కూలు ప్రభావం పరిసరాల మీద కూడా ఉన్నట్టు కమిటీ గుర్తించింది.' మూడో స్కూలే ఖాయమైంది.

ముప్పై ఒకటో తారీఖు మూడు గంటలకి రిపోర్టుకి ఆమోదం దొరికింది. అయిదు గంటలకి నిదానం ఉద్యోగం పోయింది. వాళ్ళమ్మ అప్పటికే సర్దేసి కూర్చుంది. తల్లీకొడుకులిద్దరూ ముసలాయన స్కూలు వెనక రేకుల షెడ్డులో దిగారు. మర్నాటినుంచి నిదానం నీలం టోపీ పెట్టుకుని మాస్టారైపోయాడు.

పదిరోజులకి మంత్రిగారు స్కూలు చూడడానికి వచ్చారు. ట్రాకు మీద ఒక కారు వర్షపునీటిలో జారబోయి, జారకుండా, గ్లాసెడు నీళ్ళు తొణకనంత ఒడుపుగా మలుపు తిరగడం చూసి ముచ్చటపడ్డారు. కారు దిగిన మాస్టారి భుజం తట్టారు. ఇన్నాళ్ళూ వెనక సీట్లోంచి మెడే చూసినవారు కాబట్టి, నీలం టోపీ కింది ముఖాన్ని పోల్చుకోలేదు.

"అద్భుతమయ్యా మాస్టారూ. నీలాంటివాడు నాకు దొరక్కపోవడం నా దురదృష్టం. ఇదివరకు ఒకడుండేవాడులే, ఎర్రలైటు చూస్తే చాలు ఆగిపోయేవాడు. వాడినిక్కడికి పంపిస్తా, కాస్త దారిలో పెట్టు. నెగ్గుకొస్తే మళ్ళీ తీసుకుంటా."

నిదానం వినయంగా చేతులు కట్టుకున్నాడు. "పంపించండి సార్. నావల్ల అయినంత చూస్తాను."

వారంలో ఉత్తర్వు వచ్చింది. నిదానం దాన్ని రెండుసార్లు చదివి, హాజరుపట్టీలో విద్యార్థుల కింద తన పేరు రాసుకున్నాడు. రోజూ పొద్దున్నే పిలిచి తనే పలికేవాడు. మరీ నిండు హాజరైతే బాగుండదని మూడో రోజు ఒక ఆబ్సెంట్ వేశాడు. ముసలాయన పడీపడీ నవ్వి ఆఫీసు ముద్ర అతని చేతికే ఇచ్చేశాడు.

శిక్షణ ముగిశాక చైర్మన్‌గారు తనిఖీకి వచ్చారు.

"మాస్టారూ, మా కుర్రాడు ఎలా ఉన్నాడు?"

"పర్వాలేదండీ. చెప్పిన మాట వింటాడు."

"ఎదురు చెప్పడా?"

"మనసులో అనుకుంటాడేమో గానీ, పైకి అనడండీ."

చైర్మన్‌గారు సంతోషించి సర్టిఫికెట్ చేతిలోకి తీసుకున్నారు. కింద రెండు సంతకాలు, ఒకటి గురువుది, ఒకటి శిష్యుడిది. కళ్ళజోడు సవరించుకుని కాసేపు చూశారు.

"ఇద్దరి దస్తూరీ ఒక్కలాగే ఉందే."

"నేర్పింది నేనేగదండీ."

"శిక్షణంటే ఇలా ఉండాలి" అని చైర్మన్‌గారు అక్కడికక్కడే పర్మినెంట్ ఉత్తర్వు మీద సంతకం పెట్టారు. బ్యాగులోంచి క్వార్టరు తాళంచెవి తీసి మాస్టారి చేతిలో పెట్టారు. "ఇది ఆ కుర్రాడికి స్వయంగా అందజేసే పూచీ మీదే. అందాక మాకు రాతపూర్వకంగా తెలియజేయాలి."

నిదానం తాళంచెవి జేబులో వేసుకుని, కాగితం కోసం లోపలికి వెళ్ళాడు.