గడియారాల తాత అంతిమయాత్ర

ఆ ఉదయం ఆ ఇంట్లో వేసుకున్న పథకం చాలా చిన్నది. తండ్రి ఆఫీసులో ఖాళీ చూసుకుని కూతురి వ్యాసానికి మొదటి పేరా రాసి తేవాలి. కూతురు మర్నాడు మధ్యాహ్నంలోగా దాన్ని కాలేజీలో ఇవ్వాలి. ఇవ్వకపోతే ఏడాది గోవిందా.

వ్యాసం ఒక నవల మీద. అందులో గడియారాలు బాగుచేసే ముసలాయన ఉంటాడు. ఊరంతా ఆయన్ని గడియారాల తాత అంటుంది. చివరి అధ్యాయంలో ఆయన పోతే మోయడానికి నలుగురు రారు. అది చదివి అమ్మాయి ఒక పూట భోజనం మానేసింది గానీ, మొదటి పేరా మాత్రం కుదరలేదు. లెక్చరరమ్మది ఒకటే సూత్రం. మొదటి పేరా చెయ్యి పట్టుకుని లోపలికి లాక్కెళ్లాలి, లేకపోతే ఆవిడ పేజీ తిప్పదు. "సాహిత్యం సమాజానికి అద్దం" అని మొదలుపెడితే అక్కడికక్కడే తిరగ్గొట్టింది. ఇక మిగిలింది ఆఖరి అవకాశం.

తండ్రి పత్రికలో పనిచేస్తాడు కాబట్టి రచయితేనని కూతురి నమ్మకం. నిజానికి ఆయనది మరణ ప్రకటనల పేజీ. ఆఫీసులో అందరూ "సంతాపం గారూ" అని పిలుస్తారు. ఎవరు పోయారు, ఎలాంటివారు, ఎక్కడికి రావాలి, ఈ మూడూ తప్ప నాలుగోది రాసి ఎరగడు.

పాపం, మనసు పెట్టే రాశాడు. చెయ్యి మాత్రం దాని దారిన అది పోయింది. "ఊరందరికీ టైం సరిచేసిన గడియారాల తాత ఇక లేరు. ఆయన్ని తలుచుకోని గడప లేదు. చివరి చూపు నేటి ఉదయం." అడ్రసు లేని కాగితాన్ని పేజీవాళ్లు వెనక్కి పంపుతారు కనుక, అలవాటు కొద్దీ కింద తన ఇంటి అడ్రసు వేశాడు. అదే అలవాటు కొద్దీ అచ్చుకి వెళ్లే ట్రేలో పడేసి టీకి వెళ్లాడు. తిరిగొచ్చేసరికి ట్రే ఖాళీ. బుర్ర ఉన్నవాడికి అప్పుడైనా అనుమానం వచ్చేది. ఆయన లెక్కలో ట్రే ఖాళీ అయితే పని అయినట్టే. కాగితం ఆఫీసులో మరిచానని, పొద్దున్నే తెస్తానని కూతురికి చెప్పి హాయిగా పడుకున్నాడు.

పొద్దున్నే తలుపు కొట్టింది కింది వాటా ఆయన. చేతిలో పేపరు, మోచేతికి పూలదండ.

"ఇప్పుడే చూశానండీ. మీ నాన్నగారా, మామగారా?"

కాదని ఒక్క మాట అంటే సరిపోయేది. కానీ ఎదుటివాడు సంతాపం మొహం పెడితే ఈయన తల దానంతటదే వంగుతుంది. "ఏం చేస్తాం, మన చేతుల్లో ఏముంది" అనేశాడు.

ఇక మెట్ల నిండా చెప్పులే. ఒకాయన తన గోడ గడియారం తాతే బాగుచేశాడని కళ్లు తుడుచుకున్నాడు. ఇంకొకాయన, సమయం కాదు గానీ, రిపేరుకిచ్చిన తన వాచీ తాత దగ్గరే ఉండిపోయిందని గొణిగాడు. ఇల్లాలు ఏం చేస్తుంది, మొగుడి వాచీ తెచ్చి ఇచ్చింది. ఇది తనది కాదన్నాడు గానీ తిరిగివ్వలేదు. ఇంతలో కింది వాటా ఆయన పుణ్యమా అని శవాల వ్యాను కూడా వచ్చింది. బాడీ ఎక్కడని డ్రైవరు అడిగితే, సంతాపం గారు దారిలో ఉందన్నాడు.

అమ్మాయి పుస్తకాల సంచీతో గడప దాటబోతే ముక్కూ మొహం తెలియని ఒక పెద్దమ్మ వాటేసుకుని ఏడ్చింది. తాత పోయిన రోజున కాలేజీ ఏమిటని కూర్చోబెట్టింది. మధ్యాహ్నం ముంచుకొస్తోంది. ఆ పిల్లకి దుఃఖం పొంగింది, ఏడాది పోతున్నందుకు కొంత, నవలలో తాతకి ఒక్కరూ రానందుకు కొంత. ఏడుస్తూనే కాగితం తీసి తన మొదటి పేరా తానే రాసుకుని, మిగతా వ్యాసం పైన పెట్టింది.

అప్పుడే లెక్చరరమ్మ తెల్లపూలతో వచ్చి పక్కన కూర్చుంది.

"మీ తాతగారు నాకు బాగా తెలుసమ్మా. వెన్నలాంటి మనిషి. ఎప్పుడు పోయారు?"

"చివరి అధ్యాయంలో, మేడమ్."

ఆవిడ పూల వంక చూసింది, పేపరు వంక చూసింది. తర్వాత వ్యాసం కోసం చెయ్యి చాపి, మొదటి పేరా పైకే చదివింది. "పోయినవాళ్లని ప్రేమించడం తేలిక, వాళ్లు మళ్లీ ఏమీ అడగరు. ఈ నవలలో ఊరు ఆ తేలిక పని కూడా చేయలేదు. ఊరికి మనసు లేక కాదు, తాత పోయాడని పేపర్లో వేయించే మనిషి లేక. ఒంటరితనమంటే అదేనని ఈ వ్యాసం వాదిస్తుంది."

లెక్చరరమ్మ పేజీ తిప్పింది. చివరిదాకా చదివి, పాసని కింద రాసి, గొంతు తగ్గించి అడిగింది.

"ఆ నవల ఒకసారి ఇస్తావా? మొదటి పేరా దాటలేదు నేను."

కింద డ్రైవరు విసిగి వ్యాను కదిలించాడు. కదిలిందంటే బయల్దేరినట్టేనని జనమంతా తలలు వంచుకుని దాని వెనక నడిచారు. లోపల ఎవరూ లేరు. తాతకి నలుగురేం ఖర్మ, వీధి వీధంతా వెంట వచ్చింది.

మర్నాటి పేపర్లో సవరణ కూడా సంతాపం గారే రాయాల్సి వచ్చింది: "నిన్న మరణించినట్టు ప్రకటించిన వ్యక్తి అసలు పుట్టనే లేదు, వారి కుటుంబానికి మా ప్రగాఢ సానుభూతి."