టీ వద్దన్న రోజు

ఆ సోమవారం పొద్దున డ్రైవరు వేసుకున్న పథకం చాలా చిన్నది. లేవడం, స్నానం చేయడం, ఏమీ తినకుండా, ఏమీ తాగకుండా తొమ్మిదింటికల్లా ఇంట్లోంచి జారుకోవడం, బస్సు డిపో వెనక గదిలో నర్సు ముందు చెయ్యి చాపి రక్తం ఇవ్వడం. ఆ తర్వాత క్యాంటీనులో టీ తాగి, ఏమీ ఎరగనట్టు తన బస్సెక్కడం. దీనికి ఎవరి సాయమూ అక్కర్లేదు, ఎవరికీ చెప్పాల్సిన పనీ లేదు అనుకున్నాడు.

చొక్కా జేబులో నాలుగు మడతలు పెట్టిన చీటీ ఉంది. డిపో మేనేజరు పిలిచి ఇచ్చాడు. 'పరగడుపున రక్త పరీక్ష, తొమ్మిదిన్నర లోపు' అని రాసి, పరగడుపున అన్న మాట కింద రెండు గీతలు గీశాడు. రక్తం తీసే నర్సు డిపోకి నెలకొక్కసారే, మొదటి సోమవారం వస్తుంది. రిపోర్టు బాగుంటే స్టీరింగు. బాగా లేకపోయినా, అసలు రిపోర్టే లేకపోయినా గేటు పక్కన కుర్చీ.

మూడు వారాల కిందట వంతెన దిగుతుంటే ఆయనకు కళ్లు తిరిగాయి. బస్సు పక్కకు తీసి, స్టీరింగు మీద తల వాల్చి, రెండు నిమిషాల్లో తేరుకున్నాడు. అప్పుడు బస్సులో ఉన్నది తొమ్మిది మంది. వాళ్లలో ఒకరు సొంత అక్కయ్య. ఆవిడ ఎవరికీ చెప్పనని తల మీద చెయ్యి పెట్టుకుని మరీ చెప్పింది కాబట్టి, మేనేజరు చెవిన వేసిందెవరా అని మిగిలిన ఎనిమిది మంది మీదా ఆయనకు అనుమానంగా ఉంది.

ఇంట్లో ఎందుకు చెప్పలేదంటే భయం. పైకి అంటే జబ్బు ఖాయమైపోతుందనిపించింది. అనకపోతే ఇంకా కొన్నాళ్లు బయటే నిలబడి ఉంటుందనిపించింది.

పథకంలో ఒకే ఒక్క లోపం ఉంది. అది ఆ ఇంటి చట్టం. దాన్ని చేసింది కూడా ఆయనే.

ఆయనకు కోపం వస్తే అరవడు. ముందు టీ వద్దంటాడు. తర్వాత అన్నం వద్దంటాడు. ఎవరి మీద కోపమో, ఎందుకో చచ్చినా చెప్పడు. "చేసినవాళ్లకి తెలుసు. వాళ్లే వచ్చి చెప్పాలి" అన్నది ఆయన సిద్ధాంతం. ఒకసారి ఆయన పాత వానకోటును ఎవరో గుమ్మంలో కాళ్లు తుడుచుకునే పట్టాగా వేశారు. ఆయన ఒకటిన్నర రోజు పస్తున్నాడు. ఆ లోపు వానకోటు ముట్టుకోని వాళ్లు కూడా వచ్చి క్షమించమన్నారు. రోడ్డు మీద కూడా ఆయనది ఇదే తీరు. ఎవడు అడ్డొచ్చినా హారన్ కొట్టడు, వాడికే సిగ్గు రావాలని బండి ఆపి చూస్తూ కూర్చుంటాడు. అందుకే డిపోలో ఆయన్ని అందరూ హారన్ అని పిలుస్తారు.

బయట ముసురు పట్టింది. ఎనిమిదింటికి భార్య టీ తెచ్చింది.

"ఏమండీ, టీ."

"వద్దు."

కప్పు గాల్లోనే ఆగిపోయింది.

"ఏం వద్దు?"

"టీ వద్దు."

"పోనీ పాలు?"

"ఏమీ వద్దన్నాను కదా."

భార్య కప్పు పట్టుకుని వంటింట్లోకి వెళ్లిపోయింది. తల దువ్వుకుంటున్న డ్రైవరుకు గోడ అవతలి గుసగుసలు వినపడుతూనే ఉన్నాయి.

"టీ వద్దంట."

"అమ్మో! ఎవరి మీద?" అని కూతురు గొంతు.

"నాకేం తెలుసు? నువ్వేం చేశావ్?"

"నేనేం చేశాను? అన్నయ్యనడుగు."

"పొద్దున్నే నా మీద పడతారేంటి? నేనిప్పుడే లేచాను" అన్నాడు కొడుకు.

తర్వాత గుసగుసలు ఆగిపోయాయి. ముగ్గురూ ఎవరి తప్పులు వాళ్లు వెతుక్కుంటున్నారని ఆయనకు తెలియలేదు.

ఎనిమిదీ పదికి భార్య మళ్లీ వచ్చి తలుపుకు ఆనుకుని నిలబడింది. కొంగు చివర వేలికి చుట్టుకుంటోంది.

"రేడియో గురించేనా?"

ఆయన జవాబు చెప్పలేదు. రేడియో సంగతేంటో ఆయనకు తెలియదు మరి. కానీ ఆ ఇంట్లో ఆయన మాట్లాడలేదంటే, 'ఇంకా చెప్పు' అని అర్థం.

"బాగుచేసేవాడి దగ్గర లేదండీ అది. పాత సామాన్లవాడికిచ్చేశాను. గిన్నె ఇచ్చాడు. రోజూ దాంట్లోనే కదా మీకు కూర వడ్డిస్తున్నాను, ఏదో ఒక రోజు మీరే కనిపెడతారనుకున్నాను."

ఆ రేడియో కోసం ఆయన నాలుగు నెలలుగా ఎదురుచూస్తున్నాడు. అయినా గుటకలు మింగి ఊరుకున్నాడు. ఇప్పుడు గొడవ పెట్టుకుంటే తొమ్మిదింటికి బయటపడలేడు. మౌనంగా బూట్లు వెతుక్కున్నాడు. ఆ మౌనం చూసి భార్య, ఇది రేడియో కాదు, అంతకంటే పెద్దదేదో ఉందని తేల్చుకుని వెళ్లి కొడుకును తోసింది.

కొడుకు పాతికేళ్లవాడు. సెల్‌ఫోన్లు బాగుచేసే కొట్లో పని. రోజూ తండ్రి స్కూటరు మీదే వెళ్తాడు. వచ్చి తండ్రి బూట్ల వైపు చూస్తూ నిలబడ్డాడు.

"నీకు ఎవరు చెప్పారు నాన్నా?"

డ్రైవరు లేసు కడుతున్నాడు.

"లైసెన్సు పరీక్షకి రెండుసార్లు వెళ్లాను. రెండుసార్లూ పోయింది. ఎనిమిది అంకె దగ్గర కాలు కింద పెట్టేశాను. లైసెన్సు వచ్చిందని నీకు చూపించింది నా స్నేహితుడిది. ఫోటో మీద వేలు పెట్టి చూపించాను."

ఇరవై ఆరేళ్లు పెద్ద బండి నడిపినవాడి కొడుక్కి చిన్న బండి లైసెన్సు రాలేదు. పైగా రెండేళ్లుగా లైసెన్సు లేకుండానే ఊరంతా తిరుగుతున్నాడు. డ్రైవరు చేతిలో లేసు తెగింది. అయినా నోరు విప్పలేదు. కొడుకు చెమట తుడుచుకుంటూ బయటికి వెళ్లి, "నాది కాదు. నీదే అయ్యుంటుంది, పో" అని చెల్లెలితో అనడం వినపడింది.

కూతురు ప్రోగ్రెస్ కార్డు గుండెకు హత్తుకుని వచ్చింది. అప్పటికే ఏడుస్తోంది.

"నాన్నా, కార్డు మీద నీ సంతకం నేనే పెట్టాను. మూడుసార్లు. లెక్కల్లో మార్కులు చూస్తే అన్నం మానేస్తావని భయమేసింది. మొదటిసారి వంకరగా వచ్చింది కానీ తర్వాత కుదిరింది. మీ నాన్నగారి దస్తూరి ఈమధ్య బాగుపడిందని టీచరు కూడా అంది."

గోడ గడియారం ఎనిమిదీ నలభై చూపిస్తోంది. ఒక టీ వద్దన్నందుకు అరగంటలో మూడు నేరాలు బయటపడ్డాయి. ఇంకాసేపుంటే ఏం వినాల్సి వస్తుందోనని, పెళ్లయినప్పటి నుంచీ ఎన్నడూ అనని మాట అనేశాడు.

"నాకు ఎవరి మీదా కోపం లేదు!"

ఇల్లు ఒక్కసారిగా బిగుసుకుపోయింది. కూతురు ఏడుపు ఆపేసింది. భార్య ఫోను అందుకుంది.

"వదినా, మీరు ఉన్నపళంగా రండి. మీ తమ్ముడు టీ మానేశాడు. అడిగితే కోపం లేదంటున్నాడు. అవును వదినా, నోటితోనే అన్నాడు! నాకు కాళ్లూ చేతులూ ఆడట్లేదు."

అక్కయ్య ఉండేది పక్క వీధిలోనే. డ్రైవరు తెగిన లేసు ముడి వేసుకుని లేచి గుమ్మం దాకా వచ్చేసరికి, తడిసిన గొడుగుతో ఆవిడ ఎదురైంది. తమ్ముడి మొహం చూడగానే గొడుగు వదిలేసి రెండు చేతులూ పట్టుకుంది.

"ఒరేయ్ తమ్ముడూ, నా మీద కోపానికి ఇంట్లోవాళ్లని ఎందుకురా ఏడిపిస్తావు? తప్పు నాది. బస్సులో నీకు కళ్లు తిరిగిన సంగతి మేనేజరు భార్యతో అన్నది నేనే. కుట్టు క్లాసులో పక్కపక్కనే కూర్చుంటాం. నోరు జారింది."

మిగిలిన ఎనిమిది మంది ప్రయాణికులూ ఆ క్షణాన నిర్దోషులైపోయారు. డ్రైవరుకు ఆ పొద్దున మొదటిసారి నిజంగా కోపం వచ్చింది. కానీ దాన్ని బయటపెట్టే వ్యవధి దొరకలేదు.

"కళ్లు తిరగడమేంటి?" అంది భార్య.

అక్కయ్య గొడుగు తీసుకోవడానికి కిందికి వంగింది.

"వదినా, ఎప్పుడు తిరిగాయి? ఏమండీ, మీకు కళ్లు తిరిగాయా? బస్సు నడుపుతూనా?"

"అబ్బే, అదేం లేదు. ఎండకి" అన్నాడు ఆయన.

"ఎండెక్కడుంది నాన్నా? నెల రోజుల్నుంచి వానే కదా" అన్నాడు కొడుకు.

భార్య గుమ్మానికి అడ్డంగా నిలబడింది. "కళ్లు తిరిగే మనిషి ఖాళీ కడుపుతో బస్సెక్కుతాడా? నలభై మంది ప్రాణాలండీ! నా మీద కోపముంటే నన్ను తిట్టండి. తింటే గానీ కదలనివ్వను."

ఎనిమిదీ యాభై అయిదు. ఆయనకు రెండే దారులు కనిపించాయి. జేబులోని చీటీ తీసి చూపించడం ఒకటి. తినడం ఒకటి. చీటీ మీదికి చెయ్యి పోయింది కూడా. కానీ భార్య కళ్లల్లో అప్పటికే నీళ్లు తిరుగుతున్నాయి. కళ్లు తిరిగాయన్న ఒక్క మాటకే ఇలా ఉంటే, పరీక్ష అన్న మాట వింటే ఏమవుతుందో ఊహించలేకపోయాడు. బల్ల ముందు కూర్చున్నాడు.

ముందు భార్య రొట్టె పెట్టింది. ఆవిడ మీద కోపం లేదని చూపించడానికి తిన్నాడు. కొడుకు గుడ్డు వేయించి తెచ్చాడు. వాడి మీద లేదని అదీ తిన్నాడు. కూతురు టీ తెచ్చింది. అన్నీ అయ్యాక అక్కయ్య చిన్నబుచ్చుకుని, "అయితే నా ఒక్కదాని మీదేనన్నమాట" అంది. ఆవిడ చేత్తో కలిపిన పాలు కూడా తాగాడు. ఆవిడకు చక్కెర వేసేటప్పుడు చేతికి లెక్క తెలియదు.

తొమ్మిదీ ఇరవై అయిదుకు ఆయన డిపో వెనక గదిలో ఉన్నాడు. నర్సు చొక్కా చెయ్యి మడిచి, "ఏమీ తినలేదు కదండీ?" అని మామూలుగా అడిగింది.

లేదనొచ్చు. కానీ అక్కయ్య పాలు రక్తంలో ఊరుకుంటాయా?

"తిన్నాను."

"ఏం తిన్నారు?"

"మూడు రొట్టెలు. గుడ్డు. టీ. తర్వాత పాలు."

నర్సు సూది పక్కన పెట్టేసింది. "బాగుందండీ మీ పరగడుపు. పన్నెండు గంటలు నోరు కట్టుకోలేకపోయారా?"

నోరు కట్టుకోవడంలో తనను మించినవాడు లేడని ఆయన ఆమెకు చెప్పలేకపోయాడు. ఆమె చీటీ మీద 'తినేసి వచ్చారు, వచ్చే నెల చూడాలి' అని రాసి తిరిగిచ్చింది.

పదింటికి ఆయన్ని గేటు పక్కన కుర్చీలో కూర్చోబెట్టారు. వచ్చే బస్సు నంబరు, పోయే బస్సు నంబరు పుస్తకంలో రాయడమే పని. పైన కప్పిన రేకు సగం దాకే ఉంది కాబట్టి కుడి భుజం మీద వాన పడుతూనే ఉంది. మధ్యాహ్నం ఆయన బస్సే వచ్చింది. లోపల ఇంకెవరో కుర్రడ్రైవరు ఉన్నాడు. "హారన్ అన్నా, గేటు తియ్యండి" అని గట్టిగా హారన్ కొట్టాడు. ఆ బస్సు గొంతు అంత పెద్దదని ఆయనకు ఆ రోజే తెలిసింది.

సాయంత్రం తడిసిన చొక్కా ఆరేస్తూ భార్య జేబు తడిమింది. చీటీ సిరా అలుక్కుపోయినా అక్షరాలు చదవడానికి వీలుగానే ఉన్నాయి. పైన మేనేజరు రాసిందీ, కింద నర్సు రాసిందీ రెండుసార్లు చదివి, వచ్చి ఆయన పక్కన కూర్చుంది.

"అయితే ఇవాళ బస్సు ఇవ్వలేదా?"

"ఇవ్వలేదు. గేటు దగ్గర వేశారు, వచ్చే నెల దాకా."

"ఒక్క మాట చెబితే ఇవాళ అసలు పొయ్యే వెలిగించేదాన్ని కాదు కదండీ. అందరం పస్తుండేవాళ్లం."

ఆయన తడి బూట్లు పక్కకు జరిపాడు.

"రేడియో మాట చెప్పడానికి నాకు నాలుగు నెలలు పట్టింది. మీకు ఇది చెప్పడానికి ఎన్ని నెలలు పట్టేది? బస్సు వంతెన మీంచి కింద పడ్డాకా?"

భార్య చీటీని రేడియో ఉండే ఖాళీ గూట్లో, ఆరడానికి పెట్టింది.

ఏడింటికి అందరూ బల్ల చుట్టూ చేరారు. చీటీ సంగతి అప్పటికే పిల్లలకూ తెలిసిపోయింది. తప్పులు ఒప్పేసుకున్న ఇల్లు తేలిక పడింది. కొడుకు ఎనిమిది అంకె ఎలా తిప్పాలో చెల్లెలికి చెంచాతో చూపిస్తున్నాడు. ఆ పిల్ల నవ్వుతోంది. డ్రైవరుకు అప్పుడు, పొద్దుటి నుంచీ ఒక్కొక్కటిగా మింగినవన్నీ ఒకేసారి గుర్తొచ్చాయి. రేడియో, లైసెన్సు, సంతకాలు, అక్కయ్య నోరు, కుర్రాడి హారన్. వచ్చే నెల ఆ సూదిలోకి వచ్చే రక్తం ఏం చెబుతుందోనన్న దిగులు కూడా వాటి కిందే ఉంది. కంచం ముందుకు తోశాడు.

"నాకొద్దు."

మునుపైతే చెంచాలు ఆగిపోయేవి. ఆయన ఆగుతాయనే చూశాడు. కొడుకు చెంచా తిరుగుతూనే ఉంది.

"మళ్లీ రేపు రక్తం తీస్తారా నాన్నా?" అంది కూతురు.

"అయితే మంచినీళ్లు కూడా అడక్కండర్రా ఆయన్ని" అని భార్య కంచం మీద మూత పెట్టి, తన వంతు తినసాగింది.

ఆయన ఎవరో ఒకరు వచ్చి ఏదో ఒకటి ఒప్పుకుంటారేమోనని అరగంట చూశాడు. తర్వాత తనే లేచి మూత తీసి, చల్లారిన రొట్టె తిన్నాడు.