చీటీలూడిన సీసాల సమరము

ఏ వేళ మధ్యాహ్నభోజన మత్తులో భవనమెల్ల జోగుచుండెనో, ఏ తావున కొళాయినుండి రాలు చుక్కల చప్పుడే రణభేరియై మ్రోగుచుండెనో, ఆ వేళ, ఆ కళాశాలా రసాయనశాలయందు, ధవళకోటుధారిణియు పరీక్షనాళికాపాణియు నగు మరదలు, చీటీలు తడిసి ఊడిన రెండు సీసాల యెదుట నిశ్చేష్టయై నిలిచెను. ఒకదాన గ్లూకోజు, మరొకదాన ఫ్రక్టోజు. రెండును తెలుపే, రెండును తీపే. పరమాణువుల లెక్కయు నొక్కటే.

ఆ శాలకు పెద్దయు, ఆమె అన్నకు ఇల్లాలును నగు వదిన నడుముపై చేయి వేసి నిలిచెను.

"సీసాలు తుడవమంటే చీటీలు కడిగేశావా? రెండూ పారబొయ్యి. రేపటి ప్రాక్టికల్స్‌కి ఏదో సర్దుతాలే."

"ఆగు వదినా. సాయంత్రంలోగా ఏది ఏదో తేలుస్తా. తేల్చలేకపోతే ఈ నెలంతా గాజుసామాను నేనే తోముతా."

"తేలిస్తే?"

"నువ్వు తోముదువుగాని."

అంతట నా వీరనారి, అణువు కొనయందు ఆల్డిహైడు గుంపును కిరీటమువలె దాల్చిన గ్లూకోజే వెండియద్దము పుట్టించునని నమ్మి, సీసాకొక చిటికెడు వేసి వెండిద్రావణము పోసిన రెండు నాళికలను వేడినీట దించెను. రెండును తళుక్కుమనెను. రెంటను ఆమె వెలవెలబోయిన మొగమే కనబడెను.

"రెండూ అద్దం చూపించాయే," అని వదిన నవ్వెను.

మరదలు రెండు నాళికలను వెలుతురుకెత్తి చూచెను. పిమ్మట కన్నులు మెరసెను.

"వేషం మార్చింది వదినా. ఫ్రక్టోజ్‌కి ఆల్డిహైడ్ లేదు, రెండో కార్బన్ మీద కీటోన్ ఉంటుంది. ఈ ద్రావణంలో క్షారం ఉందిగా, అది తగిలితే గ్లూకోజ్‌గా మారిపోతుంది. క్షారం లేనిచోట పట్టుకోవాలి."

అని, క్రొత్త నాళికలలో మరల సీసాకొక చిటికెడు వేసి నారింజవన్నె బ్రోమినుజలమును నింపి, సీసాలవంక తిరిగి గర్జించెను: "ఓయి కపటశర్కరా, క్షారదుర్గమున దాగి నన్ను వంచించితివి. ఇచ్చట నీ మాయలు సాగవు. నిజరూపమున నిలువుము."

"దానికి చెవులు కూడా ఉన్నాయా?" అనెను వదిన.

ఎంతసేపటికిని రెండు నాళికలు రంగు వదలవయ్యెను. మరదలు గోళ్లు కొరికెను. వదిన చీపురుపుల్లవంటి బ్రష్షును ఆమెవైపు జరిపెను. అప్పుడు కుడినాళికలోని నారింజ పలుచనై, పసుపై, తుదకు తేటనీరయ్యెను. గ్లూకోజులోని ఆల్డిహైడు బ్రోమినును మ్రింగివేసినది. ఫ్రక్టోజున్న ఎడమనాళిక ఎట్లుండెనో అట్లే యుండెను.

వదిన కోటుచేతులు పైకి మడచి, వెండి పట్టిన నాళికలు రుద్దసాగెను.

"ఇది సబ్బుకి పోదే."

"పోదు వదినా. యాసిడ్ కావాలి. అడిగితే ఇస్తా."

"ఇయ్యి తల్లీ."

ఇట్లు భూమండలమున ఒకానొక బల్లపై, రెండు గుప్పెళ్ల తీపికి దేని పేరు దానికి దక్కెను.