చేప ముట్టని జుట్టు

ఆ శుక్రవారం ఉదయం నాగేంద్ర అనుకున్నది చిన్న పని. పదకొండుకల్లా జుట్టు పరీక్షలు ముగించి, భోజనానికి ముందే డైరెక్టరు భుజంగరావు చేత తన ఉద్యోగం పర్మనెంటు చేసే కాగితం మీద సంతకం పెట్టించుకోవాలి. కాటన్‌పేటలో మగ్గం నేసే వాళ్ళ ఇంట్లో అతడే మొదటి బి.ఎస్సీ. ఆ రోజు సంతకం పడకపోతే సోమవారం నుంచి ఉద్యోగమే ఉండదు.

సముద్రపు చేపల కండలో పాదరసం ఎంత ఉందో, దాని విషానికి కాస్త అడ్డుపడే సెలీనియం ఎంత ఉందో తేల్చే ల్యాబు అది. చేపలు తినేవాళ్ళ జుట్టులోనూ ఆ రెండూ చేరతాయి. పోల్చి చూడటానికి చేప ముట్టని మనిషి జుట్టు కావలసివస్తే, భుజంగరావు తనకున్న కొద్ది జుట్టులోంచే ధారపోశాడు.

"మూడు తరాలుగా మా ఇంట్లో చేప వాసన కూడా లేదప్పా!"

ఆ జుట్టులో సెలీనియం, రోజూ చేప తినే పడవలవాళ్ళ కంటే ఎనిమిది రెట్లు ఉంది.

నాగేంద్ర గొట్టాలన్నీ కడిగి మళ్ళీ చూశాడు. అదే అంకె. ఇంకాస్త జుట్టు కావాలని వెళ్ళి నిలబడ్డాడు.

"మళ్ళీనా? నా తలమీద ఇంకేముండాదని అడుగుతావప్పా?" అంటూనే ఆయన చెవి వెనక నుంచి చిటికెడు కత్తిరించి ఇచ్చాడు.

మూడోసారీ అంతే. అబద్ధం రాయలేడు. నిజం రాస్తే సంతకం పడదు. ఆయన్నే అడిగే ధైర్యం లేక, ఆయన ఇంటికి ఫోన్ చేశాడు.

"అమ్మా, తప్పుగా అనుకోవద్దు. సార్ చేపలు తింటారా?"

అవతల ఏదో గిన్నె కిందపడింది. అరగంటలో భుజంగరావు భార్య సావిత్రమ్మ ల్యాబు ముందు ఆటో దిగింది.

"ఏమండీ, శనివారం శనివారం మీటింగని పోయేది ఏ హోటలుకి?"

"అయ్యో, మిషను తప్పే అది! ఏయ్ నాగేంద్రా, నీ కాగితం చింపేస్తా చూడు!" భుజంగరావు నిజంగానే కాగితం చేతిలోకి తీసుకున్నాడు.

నాగేంద్ర అడ్డం వచ్చాడు. "ఒక్క నిమిషం సార్! అమ్మా, సార్ తలకేం రాస్తారు?"

"చుండ్రుకని డాక్టరిచ్చిన షాంపూ ఒకటుండాది. చీటీ ఆయన పర్సులోనే ఉండాది, చూడు."

చీటీ మీద కోడిగీతల్లో ఉంది: సెలీనియం సల్ఫైడు.

"షాంపూ అమ్మా! సెలీనియమంతా షాంపూదే!"

భుజంగరావు ఛాతీ రెండంగుళాలు పెరిగింది. కాగితం మీద పొడుగ్గా సంతకం గీకి, దాన్ని నాగేంద్ర చేతిలో పెట్టాడు. భార్య వైపు తిరిగి గొంతు పెంచాడు.

"చదువప్పా, రిపోర్టంతా చదువు! ఏమీ దాచొద్దు! ఈమె చెవిన పడాల!"

పెద్దలు చెప్పిన మాట నాగేంద్ర ఏనాడూ జవదాటలేదు. పాదరసం చూసే రెండో మిషను దగ్గరికి వెళ్ళి, అప్పుడే వచ్చిన అంకె రాసుకొచ్చి, గట్టిగా చదివాడు.

"పాదరసం, వారం వారం చేప తినేవాళ్ళతో సమానంగా ఉంది సార్." ఇంకేదో మిగిలిపోయిందేమోనని ఒకసారి ఆలోచించి, కలిపాడు. "దీనికీ షాంపూకీ సంబంధం లేదు సార్."

సావిత్రమ్మ కుర్చీ లాక్కుని నింపాదిగా కూర్చుంది. "ఇప్పుడు హోటలు పేరు చెప్పండి."

భుజంగరావు చెయ్యి నాగేంద్ర చేతిలోని కాగితం వైపు కదిలింది. సంతకం మీది సిరా అప్పటికే ఆరిపోయింది.