ఒళి కోసం మైకు సెట్టు

నల్లంపల్లి నీళ్లకు స్వర్ణయుగం వచ్చిందని పార్టీ ఒన్రియ (తమిళ లెక్కలో మండల) కార్యదర్శి గోవిందరాజ్ ప్రకటించాడు. మాత్రల ఫ్యాక్టరీ వదిలే నీళ్లను ఇక కొత్త తొట్టిలోకి మళ్లిస్తారట. అందులో వేసే పొడి ఆషామాషీ పొడి కాదు, కాంపోజిట్! వెలుతురు తగిలితే చాలు, నీళ్లలో కలిసిన యాంటీబయాటిక్‌ను ముక్కలు ముక్కలు చేసేస్తుంది.

మునివెంకటమ్మకు ప్రాణం లేచొచ్చింది. పెరుగమ్మి బతికే మనిషి. ఫ్యాక్టరీ నీళ్లు బావిలోకి ఊరినప్పటి నుంచి, వాటిని తాగే గేదె పాలలోకీ మందు దిగి, అవి తోడుకోవడం మానేశాయి.

పొడి తయారుచేసిన శాలిని మేడం చెన్నై నుంచి ఫోన్ చేసి, తొట్టికి పగలంతా "ఒళి" కావాలని తమిళంలో చెప్పింది. ఒళి అంటే వెలుతురు, ఒలి అంటే చప్పుడు. గోవిందరాజ్ మహావక్త కాబట్టి ఆయన చెవికి రెండోదే వినిపించింది. సాయంత్రానికల్లా తొట్టి చుట్టూ స్పీకర్లు మోగుతున్నాయి.

"నీళ్లకు పాటలేంటికన్నా?" అంది మునివెంకటమ్మ.

"సైన్సుమ్మా! మందు తట్టుకోలేక చస్తాది. నువ్వు ఈ నీళ్లే ఎనుముకు పెట్టు, పెరుగు గడ్డకట్టకపోతే నన్నడుగు."

ఆమె నమ్మి అలాగే పెట్టింది. ఈలోగా ప్రారంభోత్సవానికి వచ్చే మంత్రిగారికి ఎండ తగలరాదని తొట్టి మీద పందిరి లేచింది. సందుల్లోంచి దూరే కాస్త ఎండనూ మంత్రిగారి ఫ్లెక్సీలు సమర్థంగా అడ్డుకున్నాయి.

ప్రారంభోత్సవానికి వచ్చిన శాలిని తొట్టిని చూసి నెత్తి పట్టుకుంది.

"వెలుతురేది సార్?"

"మినిస్టర్ వస్తాండారు కదా మేడం!"

మంత్రిగారు వచ్చారు. రిజల్టు చూపించమన్నారు. నిన్న తోడేసిన కుండను మునివెంకటమ్మ దేవుడికి దండం పెట్టుకుని తెరిచింది. పాలు పాలలాగే ఉన్నాయి. గోవిందరాజ్ గబగబా మూత పెట్టబోయాడు.

మంత్రిగారు మాత్రం కుండలోకి తేరిపార చూసి పులకించిపోయారు.

"తోడేసినా పులియని పాలు! ఫ్రిజ్ లేని పేదల కోసం మన ప్రభుత్వం సాధించిన విజయం ఇది. ఈ నీళ్లకు కారిమంగళం ఊరి దాకా పైపు వేయండి!"

చప్పట్లు మిన్నంటాయి. అధికారులు అప్పుడే పైపుల కొలతలు మాట్లాడుకోసాగారు.

"సామీ, నేనమ్మేది పెరుగు సామీ!" అని మునివెంకటమ్మ భోరుమంది.

మంత్రిగారు జాలిపడి ఆమెకు శాలువా కప్పారు.

"ఇంక తోడేసే కష్టం కూడా నీకు లేదు తల్లీ."