నారికేళ రత్న విమానయానం

"రామచంద్రపురం ఖ్యాతి ఇక సముద్రాలు దాటుతుంది!" అని చంద్రరావు గారు సభాముఖంగా ప్రకటించారు.

ఆయనది కొబ్బరికాయల వ్యాపారం. కొలంబోలో ఒక సంస్థ ఆయనకి 'అంతర్జాతీయ నారికేళ రత్న' బిరుదు ఇస్తోంది. ఆ సంస్థ పెట్టిందీ ఆయనే, అక్కడ హాలు మాట్లాడిందీ ఆయనే. అందరిలా టికెట్టు కొనుక్కుని వెళ్తే అందులో అంతర్జాతీయం ఏముందని, నాలుగు సీట్ల బుల్లి విమానం అద్దెకి తీసుకున్నారు. రాజమండ్రి పక్కనున్న మధురపూడి ఎయిర్‌పోర్టుకి ఊరు ఊరంతా బస్సుల్లో వచ్చి సాగనంపింది. బస్సులు ఎవరు పెట్టారో వేరే చెప్పాలా!

చెన్నై దాకా ప్రయాణం దివ్యంగా సాగింది. అంటే, చంద్రరావు గారు కళ్ళు మూసుకుని దేవుళ్ళని పేరుపేరునా పిలిచారు. ఆయన భార్య రత్నమాణిక్యం గారు కిటికీలోంచి కృష్ణనీ పెన్ననీ చూశారు.

చెన్నైలో కస్టమ్స్ ఆఫీసరు పెట్టె తెరిపించాడు. కిరీటం, శాలువాలు, బండరాయంత జ్ఞాపిక!

"ఇవి ఎవరికండి?" అన్నాడు వచ్చీరాని తెలుగులో.

"నాకేనండి."

"ఎవరిస్తారు?"

"కొలంబోవాళ్ళు."

"మరి మీరెందుకు పట్టుకెళ్తున్నారు?"

"వాళ్ళు నాకివ్వాలి కదండీ!"

ఆఫీసరు కాసేపు ఆలోచించి, తలనొప్పి వచ్చి, స్టాంపు వేసేశాడు.

అంతలో పైలట్ శ్రీదుర్గ వచ్చింది. "సముద్రం దాటాలి కదండీ, ట్యాంకు నిండా పోయిస్తున్నాను. ఒక్కసారి అందరూ కాటా ఎక్కండి."

చంద్రరావు గారు ఎక్కారు. ముల్లు పరిగెత్తింది.

"డెబ్బై అయిదు కేజీలని చెప్పారు కదండీ?"

"అది పెళ్ళినాటి లెక్కమ్మా."

"నిండు ట్యాంకుకి తోడు ఇంత బరువంటే విమానం లేవదండి. ఆ పెట్టె దించెయ్యండి."

"పెట్టె దించేశాక నేనెళ్ళి ఏం చెయ్యనమ్మా?"

రత్నమాణిక్యం గారు నెమ్మదిగా అన్నారు. "పోనీ, మీరు దిగండి. మీ తరఫున నేను పుచ్చుకుంటాను."

ఆయన ఆలోచించారు. సన్మానితుడు లేని సన్మానాలు చాలా చూశారు. శాలువా లేని సన్మానం మాత్రం ఒక్కటీ చూడలేదు. దిగిపోయారు!

తన కిరీటానికి తానే చెయ్యూపి వీడ్కోలిచ్చి, జనరల్ బోగీలో నిలబడి రాజమండ్రి చేరారు. ధవళేశ్వరంలో బావమరిది ఇంట్లో తలుపులేసుకుని దాక్కున్నారు. ఫోన్లో ఫోటో వచ్చింది. రత్నమాణిక్యం గారి తల మీద కిరీటం! ఆవిడకి అతికినట్టు సరిపోయింది. ఆయన చాలాసేపు చూశారు. ఆయనకైతే బిగుసుకుపోయేదే.

విమానం తిరిగొచ్చే రోజున, దిగేవాళ్ళలో కలిసిపోదామని ఎయిర్‌పోర్టుకి వెళ్ళి, స్వాగతం చెప్పడానికొచ్చిన ఊరివాళ్ళ మధ్య దొరికిపోయారు. సన్మాన సంఘం కార్యదర్శి సత్తిరాజు గారు ఆశ్చర్యపోతూనే మైకు చేతికిచ్చేశారు. విమానం దిగిన రత్నమాణిక్యం గారు మెడలో దండలతో పక్కన నిలబడ్డారు. చంద్రరావు గారికి ఇంక అబద్ధం ఆడే ఓపిక లేకపోయింది.

"నేను కొలంబో వెళ్ళలేదండి. బరువు ఎక్కువని చెన్నైలోనే దింపేశారు. ఆ బిరుదు నాకు నేనే ఇచ్చుకున్నాను. నాకు అంత యోగ్యత లేదండి."

అంటూంటే ఎన్నేళ్ళకో ఒళ్ళు తేలికయింది.

సత్తిరాజు గారు మైకు లాక్కున్నారు. "విన్నారా! ఎంత నిగర్వి! ఇంతటివారు ఇంత ఒదిగి మాట్లాడటం ఎక్కడైనా చూశామా? వచ్చే ఆదివారం వీరికి 'వినయ భూషణ' బిరుదు ప్రదానం!"

చప్పట్లు మారుమోగాయి.

"వద్దండీ, వద్దు!" అని చంద్రరావు గారు రెండు చేతులూ జోడించారు. జనం చప్పట్లు ఇంకా గట్టిగా కొట్టారు. ఆయన సత్తిరాజు గారి చెవి దగ్గరికి వంగారు.

"ఆదివారం వద్దండీ. శనివారం పెట్టండి. ఆదివారం పేపరైతే అందరూ చదువుతారు."