మేనేజర్ దిగిపో

సోమవారం పొద్దున కోటేశ్వర్ పెట్టుకున్నవి మూడే పనులు. ఆరింటికి ఉదయగిరి పాలకేంద్రం తెరిచి రైతుల పాలు పట్టుకోవడం, పదింటికి మేనేజర్ రాజమోహన్ చేత ఒక కాగితం మీద సంతకం పెట్టించుకోవడం, మధ్యాహ్నం మూడింటికి ఫోన్లో ఫుట్‌బాల్ చూడడం. ఇందులో మొదటిది ఆరేళ్ళుగా చేస్తున్నదే. రెండోది ఆరేళ్ళుగా జరగనిది.

ఆ ప్రైవేటు డెయిరీలో అతను పాలు మిషన్లో పోసి వెన్న శాతం చూసే టెస్టర్. ఆరేళ్ళయినా టెంపరరీ. పర్మనెంట్ చేయమని రాసిన కాగితం నెల నుంచి రాజమోహన్ సొరుగులో ఉంది. హెడ్డాఫీసు ఇలాంటి కాగితాలు తీసుకోవడానికి ఆ సోమవారమే ఆఖరు. సంతకం పెట్టడానికి అర నిమిషం చాలు. ఆ అర నిమిషం కోసం మనిషిని నెల రోజులు చేతులు కట్టుకుని నిలబెట్టడమే మేనేజర్ ఉద్యోగం అని రాజమోహన్ నమ్మకం.

ఇక ఫుట్‌బాల్. కోటేశ్వర్ బంతిని కాలితో తన్నిన పాపాన పోలేదు. అయినా ఇంగ్లండులో ఆక్స్‌బర్న్ యునైటెడ్ అనే క్లబ్బు ఓడిపోతే ఇక్కడ అన్నం మానేస్తాడు. ఆ క్లబ్బు గుర్తు ఎద్దు తల. మెడికల్ షాపు భరత్, కువైట్లో ఉండే భరత్ బావమరిది, తను, ముగ్గురూ కలిసి 'ఉదయగిరి ఆక్స్‌బర్న్ సేన' పెట్టారు. క్లబ్బు ఇప్పుడు ఆస్ట్రేలియా పోయి ఫ్రెండ్లీ మ్యాచ్‌లు ఆడుతోంది. అంటే సీజన్ మొదలయ్యే ముందు ఒళ్ళు వంగడానికి ఆడుకునేవి. గెలిచినా ఓడినా లెక్కలోకి రావు. లెక్కలోకి రానివాటికే అభిమానులకు ఎక్కువ మండుతుంది. మంగళవారం ఎదుటివాళ్ళు ఐదు కొడితే మనవాళ్ళు ఒకటి. గురువారం నాలుగు, సున్నా. శనివారం మూడు, రెండు. నాలుగోది ఈ సోమవారం.

ఆ ఆటలో జట్టును నడిపే పెద్ద కోచ్‌ని మేనేజర్ అంటారు. కథంతా చెడింది ఈ ముక్క దగ్గరే.

"ఇంగ్లండులో వాళ్ళు బ్యానర్లు పట్టుకోని మేనేజర్ను పొమ్మంటా ఉండారు. మనం మెసేజులు పెట్టుకుంటా కూచుంటే సిగ్గు గాదంట్రా?" అన్నాడు భరత్ ఆదివారం.

దాంతో ఆత్మకూరులో ఫ్లెక్సీలు కొట్టే యేసుబాబుకు కోటేశ్వర్ వాట్సాప్‌లో మ్యాటర్ పంపాడు. ఇంగ్లీషులో తిట్టడం రాదు గనక తెలుగులోనే తిట్టాడు. బస్టాండులో పది నిమిషాలు కట్టి, ఫోటో తీసి, క్లబ్బు అభిమానుల పేజీలో పెట్టి దించేయాలని ఏర్పాటు. సోమవారం మొదటి బస్సులో డ్రైవర్ సీటు వెనక ఫ్లెక్సీ చుట్ట వచ్చింది. భరత్ దాన్ని అందుకున్నాడు.

ఎనిమిదింటికి కోటేశ్వర్‌కు ఫోను. "కట్టేసినాను రా. బ్రహ్మాండంగా ఉండాది. తల బయట పెట్టు, అగపడుద్ది."

"తల బయట పెట్టేదేంది? యాడ కట్టినావు?"

"మీ పాలకేంద్రం ఎదురుగా, రెండు స్తంభాలకు."

"బస్టాండులో కట్టమంటి గదరా!"

"చోటు యాడుండాది? చెంచురామయ్య గారి పుట్టినరోజు ఫ్లెక్సీలే పదారుండాయి. ఆయన పుట్టింది మార్చిలో. ఇంకా దించలా."

కోటేశ్వర్ బయటికొచ్చి చూశాడు. పన్నెండడుగుల ఫ్లెక్సీ. పైన ఎర్రక్షరాల్లో 'మేనేజర్ దిగిపో!' దాని కింద '5.1, 4.0, 3.2'. దాని కింద 'ఇంకెన్నాళ్ళీ మోసం? ఫ్రెండ్లీ అని సరిపెట్టుకోవాలా?' అడుగున 'ఇట్లు, ఉదయగిరి బాధితులు'. అతను రాసింది అభిమానులు అని. యేసుబాబు దగ్గర నిరసన ఫ్లెక్సీలకు బాధితులు అని ముందే కొట్టి పెట్టి ఉంటుంది. తెలుగు ఫాంటులోకి మార్చేటప్పుడు అంకెల మధ్య అడ్డగీతలు చుక్కలయ్యాయి. ఎద్దు తల బొమ్మ మసగ్గా వచ్చిందని, యేసుబాబు తన దగ్గరున్న వాటిలో మంచిది చూసి, నిగనిగలాడే ముర్రా బర్రె బొమ్మ వేశాడు. దండ కూడా వేశాడు. అది ఉచితం.

ఆ సమయంలో కేంద్రం ముందు క్యాన్లతో నలభై మంది రైతులు వరసలో ఉన్నారు. భరత్ వీడియో తీసుకుంటూ, ఇంగ్లండు వాళ్ళకు వినిపించాలని పిడికిలెత్తి "మేనేజర్!" అని అరిచాడు.

"దిగిపో!" అన్నారు నలభై మందీ.

ఎందుకన్నారో వాళ్ళకూ తెలియదు. మనూళ్ళలో ఎవడైనా పిడికిలెత్తి సగం అరిస్తే మిగతా సగం జనం పూర్తి చేస్తారు. అన్నాక, ఏమన్నామా అని ఫ్లెక్సీ వైపు చూశారు.

వరసలో ముందున్న రామసుబ్బమ్మ కోటేశ్వర్ మేనత్త. రెండు బర్రెలున్న మనిషి. ఆమె కళ్ళు చిట్లించి అంకెలు చదివి క్యాను కింద పెట్టింది.

"ఒరే కోటేశా! ఐదూ ఒకటి, నాలుగు, మూడూ రెండు. పోయిన మంగళారం, బేస్తవారం, శనారం సాయంత్రాలు నా బర్రెకొచ్చిన వెన్న ఇంతే గదరా! నా బర్రె పరువు ఇట్లా రోడ్డున కట్టింది ఎవుడు?"

"నాకూ అంతే అక్కా. ఆరు దాటే బర్రెకు మూడేసినారు," అన్నాడు వెనక నుంచి ఆదెయ్య. "నేను మేతలో తేడా అనుకోని దాన్ని తిట్టినా గూడా."

"మాకూ అంతే," అన్నారు ఇంకో పది మంది. క్యాన్లు ఒకదాని తర్వాత ఒకటి రోడ్డు మీద దిగాయి. వరికుంటపాడు పోయే ఆటో ఆగింది. దాని వెనక బస్సు ఆగింది.

రాజమోహన్ అప్పుడే బండి దిగి ఫ్లెక్సీ చదివాడు. తల తిప్పి కేంద్రం గోడ చూశాడు. గోడ మీద పచ్చ రంగుతో 'మాది రైతు ఫ్రెండ్లీ డెయిరీ' అని రాసి ఉంది. మళ్ళీ ఫ్లెక్సీలో 'ఫ్రెండ్లీ అని సరిపెట్టుకోవాలా?' చదివాడు. కోటేశ్వర్‌ను లోపలికి పిలిచి తలుపేశాడు.

"ఇది లోపలోడి పని. పది నిమిషాల్లో పేరు కనుక్కోనిరా. పేరు చెప్తేనే నీ కాగితం మీద సంతకం. లేదంటే లేదు."

ఆరేళ్ళ ఉద్యోగంలో కోటేశ్వర్‌కు ఇంత తేలికైన పని ఎప్పుడూ అప్పజెప్పలేదు. పేరు తెలుసు. చెప్తే సంతకం వస్తుంది, ఉద్యోగం పోతుంది. చెప్పకపోతే సంతకమూ రాదు.

ముందు ఫ్లెక్సీ దించేద్దామని పరిగెత్తాడు. తాడు మీద చెయ్యి పడిందో లేదో రామసుబ్బమ్మ ఆ చెయ్యి పట్టుకుంది.

"ముట్టుకున్నావంటే విరుస్తా. మేనేజర్ పంపినాడా నిన్ను?"

"అత్తా, నీకు దండం పెడతా. అది పాల గురించి కాదు, ఫుట్‌బాలు. ఆ మేనేజర్ ఈయన కాదు, ఇంగ్లండులో ఉంటాడు."

"ఇంగ్లండులో ఉంటాడా?"

"అవును, ఆడే ఇల్లు."

రామసుబ్బమ్మ జనం వైపు తిరిగింది. "విన్నారా! మన వెన్నంతా తిని ఇంగ్లండులో ఇల్లు కట్టినాడంట!"

ఆ మాట బస్సు దాకా పోయేలోపల రెండిళ్ళయింది. బస్టాండు దాకా పోయేలోపల ఇంగ్లండులో బర్రెలు కూడా కొన్నాడు.

తొమ్మిదిన్నరకు షామియానా వచ్చింది, మైకు వచ్చింది, వాటి వెనక చెంచురామయ్య వచ్చాడు. నూరెకరాల ఆసామి, ఏ పార్టీలో ఉన్నా ముందు వరస కుర్చీ ఆయనదే. మైకందుకుని "రైతు సోదరులారా, ఈ అన్యాయాన్ని నేను ఎప్పటి నుంచో గమనిస్తా ఉండాను" అని చెప్పి, మైకుకు చెయ్యి అడ్డం పెట్టి, "ఏందబ్బా ఇక్కడ సమస్య?" అని ఆదెయ్యను అడిగాడు. ఆదెయ్య చెప్పాడు. చెయ్యి తీసి అదే మళ్ళీ చెప్పాడు.

"ఇంత ధైర్యంగా ఈ లెక్కలు బయట పెట్టిన మొగోడు ఎవురు?"

"మా కోటేశ్వరే సార్!" అన్నాడు భరత్. అతని మనసులో ఇంకా ఫుట్‌బాలే ఉంది. "మూడు దినాలు అన్నం గూడా సరిగ్గా తినలా. ఒక్కొక్కటీ నోటికి చెప్తాడు, ఎవురెప్పుడు కొట్టినారో."

"కొట్టినారా?" అన్నాడు చెంచురామయ్య.

"ఐదు కొట్టినారు, నాలుగు కొట్టినారు, మూడు కొట్టినారు. మొత్తం పన్నెండు సార్!"

"రైతుల వెన్న పన్నెండు సార్లు కొట్టేసినారు!" అని మైకు అరిచింది.

కోటేశ్వర్ మెడలో బంతిపూల దండ పడింది. దండలోంచి చూస్తే కిటికీలో రాజమోహన్ కనిపించాడు. పేరు దొరికింది. ఆయన చేతిలో కాగితం ఉంది. దాన్ని రెండుగా చించాడు, తర్వాత నాలుగుగా. కోటేశ్వర్ చూస్తున్నాడని చూసుకుని మరీ చించాడు.

పన్నెండింటికి ఆత్మకూరు నుంచి ఏరియా ఆఫీసర్ రేణుకాదేవి జీపులో వచ్చింది. ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. షామియానా కింద ఒక్క నిమిషం నిలబడి, కంప్యూటర్ ముందు అరగంట కూర్చుంది.

"ఒక బర్రెకు వెన్న తగ్గితే మేతలో తేడా. నూట నలభై బర్రెలకు ఒకే సాయంత్రం తగ్గితే మిషన్లో తేడా," అంది. "మంగళ, గురు, శని. మిషన్ కడిగే పుస్తకం తెండి."

ఆ మాటతో కోటేశ్వర్‌కు దండ కింద చెమట పట్టింది. సాయంత్రం పాలు పట్టే ముందు, సరిగ్గా మూడింటికి, మిషన్లోకి మందు నీళ్ళు పంపి కడగాలి. కడగకపోతే లోపల పాల జిగురు పేరుకుని వెన్న తక్కువ చూపిస్తుంది. అది టెస్టర్ పని. మంగళ, గురు, శనివారాల్లో సరిగ్గా మూడింటికి ఆక్స్‌బర్న్ యునైటెడ్ ఆస్ట్రేలియాలో మైదానంలోకి దిగింది. ఆ మూడు రోజులూ టెస్టర్ ఫోన్ పట్టుకుని గోడకానుకుని కూర్చున్నాడు.

రైతుల నోట్లో మట్టి కొట్టిన దుర్మార్గుడెవడో ఊరంతట్లో మొదట అతనికే తెలిసింది.

గుమ్మం నిండా జనం చూస్తుండగా రేణుకాదేవి పుస్తకం తిప్పింది. మంగళ, గురు, శనివారాల్లో టెస్టర్ గడి ఖాళీ. మేనేజర్ గడిలో మాత్రం సంతకం ఉంది. ఆ మూడు రోజులకే కాదు, రాబోయే బుధవారానికీ ఉంది. నెలాఖరు దాకా ఉంది. నెలకోసారి ఒకటో తేదీన కూర్చుని ముప్పై సంతకాలూ పెట్టేయడం రాజమోహన్ పద్ధతి. కోటేశ్వర్ కాగితం మీద పెట్టడానికి తీరని చెయ్యి ఇక్కడ బాగానే తీరింది.

"వాడు కడగలేదు మేడం!" అన్నాడు రాజమోహన్. "మూడింటికి ఫోన్ చూస్తా కూచున్నాడు. నా కళ్ళతో నేను చూసినాను!"

"చూసినారా?"

"చూసినాను!"

"చూసి, కడిగినట్టు సంతకం పెట్టినారా?"

రాజమోహన్ పుస్తకం మూయబోయాడు.

కోటేశ్వర్ పక్కకు చూశాడు. నాలుగడుగుల దూరంలో రామసుబ్బమ్మ ఉంది. "మేడం, నిజంగానే ఆ మూడు దినాలు నేను కడగలా. తప్పు నాదే," అన్నాడు.

చెంచురామయ్య మైకు వదల్లేదు. "చూసినారా మనిషిని! పైవాడి తప్పు తన నెత్తినేసుకుంటా ఉండాడు! కడగనియ్యకుండా చేసిందెవురు? కడగనిదానికి నేను సంతకం పెట్టనని గడి ఖాళీగా వదిలింది ఎవురు?"

"కోటేశ్వర్!" అన్నారు జనం.

"నా మేనల్లుడు!" అంది రామసుబ్బమ్మ. జీవితంలో మొదటిసారి.

రేణుకాదేవి వంగి, నేల మీదున్న నాలుగు ముక్కలు ఏరి, బల్ల మీద అతికించి చదివింది. "నిజం బయటపెట్టినందుకా ఇది చించినారు?" అని రాజమోహన్‌ను అడిగింది. జవాబు కోసం ఆగలేదు. ఇంకో కాగితం తీసి రాసి, అర నిమిషంలో సంతకం పెట్టింది. కోటేశ్వర్ పర్మనెంట్. రాజమోహన్ జీపులో ఆత్మకూరు. కొత్త మనిషి వచ్చేదాకా మేనేజర్ ఇన్‌చార్జి కోటేశ్వర్.

మూడింటికి అతను ఫోన్ ఆపి సొరుగులో పెట్టాడు. మిషన్ను మూడు సార్లు కడిగాడు. పుస్తకంలో టెస్టర్ గడిలో ఒక సంతకం, మేనేజర్ గడిలో ఒక సంతకం, రెండూ తనే పెట్టాడు. ఐదున్నరకు భరత్ ఊగిపోతూ వచ్చాడు.

"ఆరు సున్నాతో గెలిచినాం రా! మన మేనేజర్ దేవుడు! ఇంకో మూడేళ్ళు ఉంచుతారంట."

"ముందర ఓడిన మూడూ?"

"ఫ్రెండ్లీలు గదరా. అయ్యి లెక్కలోకి రావు," అన్నాడు భరత్. "మన ఫోటోకు ఇంగ్లండులో ఇరవై వేల లైకులు. ఆ బర్రె ఏ పొజిషన్లో ఆడుద్దని అడగతా ఉండారు."

మర్నాడు పొద్దున కోటేశ్వర్ నిచ్చెన తెచ్చి ఎదురుగా ఉన్న ఫ్లెక్సీ దించబోయాడు. వరసలో ఉన్నవాళ్ళు ఒప్పుకోలేదు. అది ఉంటేనే లోపలున్నవాళ్ళకు భయం ఉంటుందన్నారు. అతను నిచ్చెన తీసుకుని లోపలికొచ్చి మేనేజర్ కుర్చీలో కూర్చున్నాడు. కిటికీలోంచి చూస్తే సరిగ్గా ఎదురుగా, దండ వేసుకుని, ముర్రా బర్రె అతన్నే చూస్తోంది.

రామసుబ్బమ్మ పాలు పోసి, చీటీ తీసుకుని, కిటికీ దగ్గరికి వచ్చింది. "ఆరు వచ్చింది. నిన్న సాయంత్రం ఆరూ నాలుగు గదా. ఏంది కథ, మేనేజరూ?"

"అత్తా, నేను కోటేశును," అన్నాడు.

ఆమె చీటీ చూసింది. తల తిప్పి ఫ్లెక్సీ చూసింది. వెనక వరసలో ఎవరో పిడికిలి సర్దుకుంటున్నారు.

ఫ్లెక్సీ మీద మేనేజర్ పేరు రాసి లేదు.